కరెంటు పోయినప్పుడు సర్వరు నడుస్తూనే ఉంది, బయటి హార్డ్ డిస్కులు మాత్రం పడిపోతున్నాయి: ఏం చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఖమ్మంలో మీ ఇంట్లో ఒక పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేసి దాన్నే సర్వరుగా నడుపుతున్నారు. ఇంటిల్లిపాది ఫోటోలకు ఇమ్మిచ్, సినిమాలకు జెల్లీఫిన్ అందులో ఉన్నాయి. స్టోరేజీ అంతా రెండు అరల యూఎస్‌బీ పెట్టెలో ఉన్న రెండు 4 టీబీ హార్డ్ డిస్కుల మీద, ఒకదానికొకటి మిర్రర్‌గా, అంటే ఒకదాని మీద రాసిందే రెండోదాని మీదా ఉండేలా ఉంది. ఆ పెట్టెకు విడిగా 12 వోల్టుల అడాప్టరు ఉంది. ఇంట్లో ఇన్వర్టరు ఉన్నా, కరెంటు పోయిన ప్రతిసారీ ల్యాప్‌టాప్ నిక్షేపంగా నడుస్తుండగా డిస్కులు మాత్రం ఒక్క క్షణం మాయమై, తిరిగి వచ్చాక ఏమీ రాయనివ్వడం లేదు. దీనికి పెద్ద యూపీఎస్ కొనాలా, రూటర్లకు వాడే చిన్న యూపీఎస్ సరిపోతుందా, మీరు ఊళ్లో లేనప్పుడు ఇదంతా దానంతట అదే కోలుకోవాలంటే ఏం చేయాలి అని అడిగారు.

ముందు సూటిగా సమాధానం చెబుతాను. పెద్ద యూపీఎస్ అక్కర్లేదు. ఇన్వర్టరు ప్లగ్గుకూ డిస్కుల అడాప్టరుకూ మధ్య కంప్యూటర్లకు వాడే మామూలు 600 వీఏ యూపీఎస్ ఒకటి పెట్టండి. రూటర్ల కోసం అమ్మే చిన్న యూపీఎస్‌ను ఈ డిస్కులకు పెట్టకండి. అయితే యూపీఎస్ కొనడంతో సగం పనే అవుతుంది. కరెంటు ఎంతసేపు పోయినా సర్వరు ముందు ఆగాలి, డిస్కుకు కరెంటు ఆ తరువాతే పోవాలి. ఈ వరుస తప్పకుండా చూసుకోవడం మిగతా సగం. మీ ఇంట్లో ఇప్పుడు సరిగ్గా దీనికి తలకిందులుగా జరుగుతోంది.

నేను అనకాపల్లిలో పన్నెండేళ్లకు పైగా ఇంట్లో సర్వరు నడుపుతున్నాను. అంతకుముందు ఒక చిన్న ఆఫీసులో సర్వర్లు, యూపీఎస్‌లు చూసేవాడిని. కింద చెప్పేవన్నీ నేను చేసి చూసినవి, కొన్ని నష్టపోయి నేర్చుకున్నవి.

ఆ ఒక్క క్షణంలో ఏం జరుగుతుందో తెలిస్తే మిగతావన్నీ తేలిగ్గా అర్థమవుతాయి. ఇన్వర్టరు లోపల ఒక రిలే ఉంటుంది. లైను పోయిందని గుర్తించి, ఆ రిలేను మార్చి, బ్యాటరీ నుంచి 230 వోల్టులు తయారుచేసి ఇవ్వడానికి దానికి కొంత సమయం పడుతుంది. ఫ్యాన్లు, లైట్ల కోసం ఉద్దేశించిన మామూలు మోడ్‌లో అది 30, 40 మిల్లీ సెకన్ల దాకా పోవచ్చు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఒక్కో ఆవృత్తి 20 మిల్లీ సెకన్లు, అంటే దాదాపు రెండు ఆవృత్తులు గల్లంతవుతాయన్నమాట. తిరుగుతున్న ఫ్యానుకు ఆ సంగతే తెలియదు. డిస్కుల అడాప్టరులోని కెపాసిటరు మాత్రం పూర్తి లోడు మీద ఉన్నప్పుడు సాధారణంగా 10 నుంచి 20 మిల్లీ సెకన్లే ఆపగలదు. నాలుగైదు వేసవులు వేడిలో పనిచేసిన అడాప్టరులో ఆ శక్తి ఇంకా తగ్గిపోయి ఉంటుంది.

12 వోల్టులు కాస్త ఎక్కువగా పడిపోగానే డిస్కు తనను తాను కాపాడుకునే పనిలో పడుతుంది. తిరుగుతున్న పళ్లాల వేగం నుంచే కొంత విద్యుత్తును పుట్టించుకుని, రాసే తలలను పళ్లాల మీద నుంచి పక్కకు లాగేసుకుంటుంది. నిశ్శబ్దంగా ఉన్న రాత్రిపూట పెట్టె పక్కన కూర్చుంటే ఇది వినిపిస్తుంది కూడా. ముందు ‘టక్’ మని ఒక దెబ్బ, తరువాత సన్నగిల్లే ఈల, అది పూర్తిగా ఆగకముందే ఇన్వర్టరు కరెంటు అందుకుని మళ్లీ పైకి లేచే మోటారు హోరు. ఇంతలో లినక్స్ దృష్టిలో పాత డిస్కు పోయింది, కొత్త డిస్కు ఒకటి వచ్చింది. అంతకుముందు ‘ఎస్‌డీబీ’ అన్న పేరుతో ఉన్నది ఇప్పుడు ‘ఎస్‌డీసీ’ అవుతుంది, పాత పేరు మీద ఉన్న మౌంటు, అంటే డిస్కును ఒక ఫోల్డరుకు తగిలించిన బంధం, మాత్రం ప్రాణం లేకుండా మిగిలిపోతుంది. మీకు కనిపించే ‘రాయడం కుదరదు’ అన్న స్థితి అదే.

సర్వరు, డిస్కు రెండూ ఒకేసారి ఆరిపోతే కలిగే నష్టం కన్నా సర్వరు బతికి ఉండగా డిస్కు ఒక్కటే పోవడం వల్ల కలిగే నష్టం ఎక్కువ. ఇది చాలామందికి తట్టదు. లినక్స్ రాయవలసిన సమాచారాన్ని వెంటనే డిస్కు మీద పెట్టదు. మామూలు సెట్టింగుల్లో అది 30 సెకన్లు, ఒక్కోసారి అంతకన్నా కొంచెం ఎక్కువసేపు ర్యామ్‌లోనే ఉండవచ్చు. డిస్కులో కూడా సొంత క్యాష్ మెమరీ ఒకటి ఉంటుంది. రెండూ ఒకేసారి ఆగిపోతే ఆ కాసేపటి రాత పోతుంది కానీ, తిరిగి లేచినప్పుడు లినక్స్‌లో వాడే ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ తన జర్నల్‌ను, అంటే రాతల చిట్టాను, చూసుకుని పొందికగా నిలబడుతుంది. సర్వరు బతికి ఉంటే పైన నడిచే ప్రోగ్రాములకు డిస్కు పోయిన సంగతి వెంటనే తెలియదు. ఫోటో చేరిందని సర్వరు ఫోనుకు చెప్పేస్తుంది. ఆ మాట నమ్మి ఇంట్లో ఎవరో ఫోనులో చోటు కోసం ఆ ఫోటోలు తీసేస్తారు. పోయేది అక్కడే, అవి మళ్లీ దొరకవు.

ఏదైనా కొనడానికి ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. సర్వీసులన్నీ ఆపి, మిర్రర్‌ను అన్‌మౌంట్ చేసి, అర్రేను (ఆ రెండు డిస్కుల జట్టును) కూడా ఆపండి. ‘స్మార్ట్‌సీటీఎల్’ ఆదేశంతో రెండు డిస్కుల స్మార్ట్ పట్టిక (డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు) తీసి, అందులో 192వ నంబరు వరుసలో ఉన్న అంకెను కాగితం మీద రాసుకోండి. చాలా డిస్కుల్లో అది ఉన్నపళంగా కరెంటు పోయి తలలు లాగేసుకున్న సందర్భాల లెక్క. యూఎస్‌బీ పెట్టెల్లో ఈ పట్టిక రాకపోతే పరికరం రకాన్ని ‘శాట్’ అని చెప్పవలసి ఉంటుంది. తరువాత ఇంటి మెయిన్ స్విచ్ దించి, ఇన్వర్టరు అందుకున్నాక అంకెను మళ్లీ చూడండి. ఆ లెక్క ఒకటి పెరిగితే తప్పు కరెంటుది. లెక్క పెరగకుండా డిస్కు మాత్రం కనెక్షన్ తెంచుకుని వచ్చి ఉంటే తప్పు యూఎస్‌బీ కేబులుదో, హబ్బుదో, పెట్టెలోని చిన్న సర్క్యూట్‌దో కావచ్చు, దానికి యూపీఎస్ మందు కాదు. మా బంధువుల ఇంట్లో ఒకరు యూపీఎస్ కొన్న తరువాత కూడా ఇదే బాధ పడుతుంటే వెళ్లి చూశాను. డిస్కు అడాప్టరు యూపీఎస్ మీదే ఉంది కానీ, మధ్యలో ఉన్న యూఎస్‌బీ హబ్బు అడాప్టరు గోడ ప్లగ్గుకు ఉంది.

ఈ పరీక్షలో తప్పు కరెంటుదేనని తేలితే, ముందు ఖర్చు లేని పని ఒకటి చేయండి. చాలా ఇంటి ఇన్వర్టర్ల వెనక ‘యూపీఎస్’, ‘నార్మల్’ లేదా ‘ఎకో’ అని ఒక చిన్న స్విచ్ ఉంటుంది. దాన్ని యూపీఎస్ వైపు మారిస్తే ఇన్వర్టరు మరింత త్వరగా అందుకుంటుంది, కొన్ని ఇళ్లలో సమస్య అంతటితో తీరిపోతుంది. కాకపోతే ఆ మోడ్‌లో అది వోల్టేజీ విషయంలో పట్టుదలగా ఉంటుంది. లైను సుమారు 180 వోల్టుల కన్నా తగ్గితే కరెంటు పోయినట్టే లెక్కగట్టి బ్యాటరీ మీదకు వెళ్లిపోతుంది. సాయంత్రం లో వోల్టేజీ ఉండే ఊళ్లలో ఇలా చేస్తే ఇన్వర్టరు గంటకు పదిసార్లు అటూ ఇటూ దూకి బ్యాటరీని తినేస్తుంది. పట్నంలో వోల్టేజీ నిలకడగా ఉంటుంది కాబట్టి మీకు ఆ ఇబ్బంది ఉండకపోవచ్చు.

రెండో పని అడాప్టరు మార్చడం. నా దగ్గర ఒక పెట్టెకు 12 వోల్టులు, 2 ఆంపియర్ల అడాప్టరు ఉండేది. దాని స్థానంలో అదే వోల్టేజీతో 5 ఆంపియర్ల మంచి అడాప్టరు పెట్టాక ఇన్వర్టరు మారే క్షణంలో డిస్కు పడిపోవడం ఆగింది, ఎందుకంటే పెద్ద అడాప్టరుకు అది చిన్న లోడు, లోపలి కెపాసిటరు ఎక్కువసేపు నిలబెట్టగలదు. పిన్ను లావు, మధ్య పిన్ను ధన ధ్రువమా కాదా చూసుకుని కొనాలి. ఈ రెండు పనులతో పరీక్షలో గెలిచినా నేను యూపీఎస్ వద్దని చెప్పను, అడాప్టరు పాతబడిన కొద్దీ ఆ చిన్న భద్రత కరిగిపోతుంది.

ఇక యూపీఎస్ సంగతి. పైన చెప్పిన 600 వీఏ సైజులో ఎక్కువగా ఉండే లైన్ ఇంటరాక్టివ్ రకం యూపీఎస్‌లు సాధారణంగా 10 మిల్లీ సెకన్ల లోపు అందుకుంటాయి. మీ రెండు డిస్కులు నడుస్తున్నప్పుడు తీసుకునేది ఒక్కోటి 6 నుంచి 9 వాట్లు. ఆగి ఉన్న డిస్కు తిరగడం మొదలుపెట్టే కొన్ని సెకన్లలో మాత్రం ఒక్కోటి 20, 25 వాట్ల దాకా లాగుతుంది. 600 వీఏ యూపీఎస్‌కు ఇది లెక్కే కాదు. అందులో ఉండేది మామూలుగా 12 వోల్టుల 7 ఏహెచ్ సీల్డ్ బ్యాటరీ. కొత్త బ్యాటరీతో సుమారు 35 వాట్ల లోడు మీద నా దగ్గర 50 నిమిషాలు నడిచింది. మీకు ముందు ఇన్వర్టరు ఉంది కనుక ఆ బ్యాటరీ నిజంగా పనిచేయవలసింది చాలా కొద్దిసేపే.

ఇన్వర్టరు వెనక యూపీఎస్ పెట్టేటప్పుడు మూడు విషయాలు చూసుకోవాలి. ఇన్వర్టరు సైన్ వేవ్ రకం అయి ఉండాలి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు ఇచ్చే కరెంటును చాలా యూపీఎస్‌లు మంచి కరెంటుగా ఒప్పుకోవు. ఇన్వర్టరు నడుస్తున్నంతసేపూ తమ బ్యాటరీ మీదే ఉండి, అది అయిపోగానే చేతులెత్తేస్తాయి. రెండోది, కొన్ని యూపీఎస్‌లు బ్యాటరీ మీద ఉన్నప్పుడు లోడు మరీ తక్కువగా ఉంటే ఏమీ నడవడం లేదనుకుని కొన్ని నిమిషాలకు ఆరిపోతాయి. ఆఫీసులో ఒకసారి ఒకే ఒక్క డిస్కును ఇలాంటి యూపీఎస్‌కు పెట్టి, నాలుగు రోజులు కారణం తెలియక తిరిగాను. లోడు పెరగాలంటే డిస్కుల పెట్టెతో పాటు రూటరు, నెట్‌వర్క్ స్విచ్ కూడా దానికే పెట్టండి. మూడోది బ్యాటరీ వయసు. మన వేసవి వేడికి ఈ చిన్న సీల్డ్ బ్యాటరీలు రెండు మూడేళ్లకు మించి రావు, పైగా అవి పోయిన సంగతి కరెంటు పోయే దాకా తెలియదు. మూడు నెలలకోసారి డిస్కులు నడుస్తుండగా, ముందు అన్‌మౌంట్ చేసి, గోడ దగ్గర ప్లగ్గు పీకి పది నిమిషాలు చూడండి. యూపీఎస్‌ను బీరువా పక్క సందులోనో, సర్వరు వేడి గాలి తగిలేచోటో పెట్టకండి.

మీరు ప్రత్యేకంగా అడిగిన రూటరు యూపీఎస్ ఎందుకు వద్దంటున్నానో చెబుతాను, ఎందుకంటే దీన్ని పెట్టినవారు చాలామంది మొదటి రోజు పరీక్షలో బాగుందనుకుని మోసపోతారు. వాటిలో ఎక్కువ రకాల్లో మూడు లిథియం సెల్స్ వరుసగా ఉంటాయి. నిండుగా ఉన్నప్పుడు 12.6 వోల్టులు, ఖాళీ అయ్యేసరికి 9 వోల్టుల దగ్గరకు వస్తాయి. రూటరు తన లోపలే వోల్టేజీ సర్దుకుంటుంది కాబట్టి 9 వోల్టుల మీద కూడా నడుస్తుంది. హార్డ్ డిస్కు మోటారుకు 12 వోల్టులు నేరుగా వెళతాయి, దానికి మామూలుగా అనుమతించే తేడా 10 శాతం. అంటే 10.8 వోల్టుల కన్నా దిగితే డిస్కు ఆగిపోవచ్చు. పైగా ఆ చిన్న యూపీఎస్‌లు ఇవ్వగలిగేది 2 ఆంపియర్లు, మహా అయితే 3. పరీక్ష చేసేటప్పుడు డిస్కులు అప్పటికే తిరుగుతూ ఉంటాయి కనుక ఒక్కోటి అర, ముప్పావు ఆంపియరుతో సరిపెట్టుకుంటాయి, అంతా సవ్యంగా కనిపిస్తుంది. రాత్రి వాడకం లేక నిద్రపోయిన డిస్కులు కరెంటు లేని సమయంలో ఎవరో ఫోటో తెరవగానే లేవబోతాయి. ఒక్కోటి సుమారు 2 ఆంపియర్లు అడిగేసరికి యూపీఎస్ రక్షణ సర్క్యూట్ తెగ్గొట్టేస్తుంది. డిస్కు ఆగుతుంది, మళ్లీ లేవబోతుంది, మళ్లీ ఆగుతుంది. డిస్కుకు ఇంతకన్నా చెడ్డది లేదు. నిఖార్సుగా 12 వోల్టులు స్థిరంగా ఇస్తూ 5 ఆంపియర్లకు తట్టుకునే డీసీ యూపీఎస్ దొరికితే అది మంచిదే. ఏసీ యూపీఎస్ కన్నా వృథా తక్కువ. కాకపోతే పెట్టె మీద రాసిన అంకెను నమ్మకుండా మల్టీమీటరు పెట్టి చూడాలి.

దీనికి చుట్టంలాంటి ఇంకో పొరపాటు ఉంది. ఇన్వర్టరు బ్యాటరీ కూడా 12 వోల్టులేనని దాని టెర్మినల్స్ నుంచి నేరుగా డిస్కుకు తీగ లాగేవారున్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఛార్జింగులో ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ 13.8 నుంచి 14.4 వోల్టుల దాకా ఉంటుంది, డిస్కుకు పైవైపు హద్దు 13.2. పైగా ఫ్యూజు లేని 150 ఏహెచ్ బ్యాటరీ తీగ షార్టయితే ఇల్లు అంటుకోవడానికి అది చాలు.

మీకు నిజంగా కావలసిన స్టోరేజీ 4 టీబీలోపే అయితే అసలు ఈ అడాప్టరు గొడవ లేని దారి కూడా ఉంది. చిన్న రెండున్నర అంగుళాల పోర్టబుల్ డిస్కులు యూఎస్‌బీ నుంచే కరెంటు తీసుకుంటాయి. అవి 5 టీబీ దాకా తేలిగ్గా దొరుకుతాయి. ల్యాప్‌టాప్‌కే నేరుగా తగిలిస్తే ల్యాప్‌టాప్ బ్యాటరీయే వాటికి యూపీఎస్. సర్వరుకు, డిస్కుకు ప్రాణం ఒకటే అవుతుంది కనుక ఒకటి ఉండి ఒకటి పోయే ప్రసక్తి రాదు. పెద్ద ఫైళ్లు ఏకబిగిన రాసేటప్పుడు ఇవి మందగిస్తాయి, ఫోటోలకు, సినిమాలకు అది పెద్ద ఇబ్బంది కాదు. సర్వరుగా రాస్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటరు వాడేవారు మాత్రం దాని నాలుగు యూఎస్‌బీ పోర్టులకూ కలిపి 1.2 ఆంపియర్లే వస్తాయని గుర్తుంచుకుని ఒక్క డిస్కుతో ఆగాలి. మా అమ్మగారి ఇంట్లో నేను పెట్టింది ఇదే అమరిక. అక్కడ సర్దుబాటు చేయడానికి ఎవరూ ఉండరు కనుక ఎంత తక్కువ వైర్లుంటే అంత మేలు.

ఇప్పుడు వరుస సంగతికి వద్దాం. యూపీఎస్‌కు యూఎస్‌బీ సిగ్నల్ పోర్టు ఉంటే ‘నట్’ అనే నెట్‌వర్క్ యూపీఎస్ టూల్స్ ప్రోగ్రాము దాన్ని చదివి, బ్యాటరీ తగ్గగానే సర్వరును పద్ధతిగా ఆపుతుంది. మన దగ్గర అమ్మే చవక యూపీఎస్‌లలో చాలావాటికి ఆ పోర్టు ఉండదు. ఉన్నా, ఇన్వర్టరు వెనక ఉన్న యూపీఎస్‌కు కరెంటు పోయిన సంగతే తెలియదు. ఇన్వర్టరు బ్యాటరీ అయిపోయి అది ఆరిపోయినప్పుడే మొదటిసారి తెలుస్తుంది.

మీది ల్యాప్‌టాప్ కాబట్టి ఇంతకన్నా తేలిక ఉపాయం ఒకటి చెబుతాను. డిస్కుల అడాప్టరును ఇన్వర్టరు, యూపీఎస్ మీద పెట్టండి. ల్యాప్‌టాప్ ఛార్జరును మాత్రం ఇన్వర్టరు లేని మామూలు ప్లగ్గుకు పెట్టండి. ఏసీకో, గీజరుకో ఇచ్చిన పాయింట్లు సాధారణంగా ఇన్వర్టరు మీద ఉండవు, మీ ఎలక్ట్రీషియన్‌ను అడిగితే చూపిస్తాడు. కరెంటు పోయిన క్షణం నుంచి ల్యాప్‌టాప్ తన బ్యాటరీ మీద నడుస్తుంది, డిస్కులు ఇన్వర్టరు మీద నడుస్తాయి. ల్యాప్‌టాప్ బ్యాటరీ 40 శాతానికి దిగగానే అది తనంతట తాను సర్వీసులు ఆపి, డిస్కులను అన్‌మౌంట్ చేసి, ఆగిపోయేలా లినక్స్‌లో బ్యాటరీని చూసుకునే ‘యూపవర్’ సెట్టింగుల ఫైలులో సెట్ చేయాలి. ఆ ఫైలులో ‘తక్కువ’, ‘అత్యవసరం’, ‘చర్య’ అన్న మూడు శాతాలు ఉంటాయి. అవి ఒకదాని కన్నా ఒకటి తగ్గుతూ ఉండాలి, ఉదాహరణకు 50, 45, 40. చివరిది ఒక్కటే మార్చి మిగతావి వదిలేస్తే ఆ వరుస తప్పిందని అది మీ అంకెలను పక్కనపెట్టి పాత అంకెలే వాడుకుంటుంది. ఇది తెలియక నేను ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను. ఆ పక్కనే ఉన్న అత్యవసర చర్యను ‘పవర్ ఆఫ్’ గా పెట్టడం మరచిపోకండి. ల్యాప్‌టాప్ బ్యాటరీ పాతదై 60 శాతం నుంచి ఒక్కసారిగా పడిపోయినా ముందు పోయేది సర్వరే, డిస్కు కాదు, కనుక వరుస తప్పదు.

మూడు నాలుగు గంటల కోతలకు ఈ అమరిక చాలు. తుపానులాంటివి వచ్చినప్పుడు ఎంత బ్యాటరీ ఉన్నా చాలదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు మా ఇంటికి వారం దాటాక కరెంటు వచ్చింది. గాలి పెరుగుతుండగానే నేను సర్వరును చేత్తో ఆపి, డిస్కులు విప్పి అలమరలో పెట్టాను కనుక ఒక్క ఫైలు కూడా పోలేదు. తుపాను హెచ్చరిక వచ్చిన రోజున దాన్ని నడుపుతూ ఉండాల్సిన పని లేదు.

డిస్కు పోయినప్పుడు నష్టం తగ్గించే ఏర్పాట్లు కూడా చేసుకోవాలి. 2019లో మా తమ్ముడి పెళ్లి అయిన వారంలో ఒక రాత్రి కరెంటు పోయి వచ్చింది, సర్వరు కూడా తిరిగి లేచింది, డిస్కు మాత్రం లేవలేదు. అప్పట్లో మేము ఫోటోలకు వాడిన నెక్స్ట్‌క్లౌడ్ ప్రోగ్రాము మామూలుగానే ఫోన్ల నుంచి ఫోటోలు తీసుకుంటూ పోయింది. డిస్కు మౌంటు కావలసిన ఫోల్డరు ఖాళీగా ఉంది కాబట్టి వచ్చినవన్నీ లోపలి చిన్న ఎస్‌ఎస్‌డీ మీద ఆ ఖాళీ ఫోల్డరులోకే వెళ్లాయి. ఎస్‌ఎస్‌డీ నిండి సర్వరు మొత్తం నిలిచిపోయే దాకా మాకెవరికీ తెలియలేదు. ఆ తరువాత డిస్కును మౌంటు చేస్తే పెళ్లి ఫోటోలు సగం కనిపించలేదు, అవి దాని కింద మరుగున పడ్డాయి. వెతికి తీయడానికి రెండు రోజులు పట్టింది. అప్పటి నుంచి డిస్కు అన్‌మౌంట్ అయి ఉన్నప్పుడే ఆ ఖాళీ ఫోల్డరుకు ‘ఛాటర్’ ఆదేశంతో ఎవరూ ఏమీ రాయలేని గుర్తు వేస్తున్నాను. డిస్కు మౌంటయితే ఆ గుర్తు అడ్డురాదు. మౌంటు కాకపోతే ప్రోగ్రాము వెంటనే తప్పు చూపించి ఆగుతుంది, ఫోను తన ఫోటోలను తన దగ్గరే ఉంచుకుంటుంది. దీనితో పాటు ఏ డిస్కు ఎక్కడ మౌంటు కావాలో చెప్పే ‘ఎఫ్‌ఎస్‌ట్యాబ్’ ఫైలులో డిస్కును ‘ఎస్‌డీబీ’ లాంటి పేరుతో కాక, మారని గుర్తింపు సంఖ్య అయిన యూయూఐడీతో రాయాలి, డిస్కు లేకపోయినా సర్వరు లేచేలా ‘నోఫెయిల్’ పెట్టాలి. ఇమ్మిచ్ డేటాబేసును బయటి డిస్కు మీద ఉంచకుండా ల్యాప్‌టాప్ లోపలి ఎస్‌ఎస్‌డీ మీద ఉంచండి. డిస్కు ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లో ఉంటే ఈఎక్స్‌టీ4కు మార్చండి, ఎక్స్‌ఫ్యాట్‌కు జర్నల్ లేదు.

మీ మిర్రర్ గురించి మీకు నచ్చని మాట ఒకటి చెప్పాలి. యూఎస్‌బీ పెట్టెలోని డిస్కులకు మిర్రర్ పెట్టడాన్ని నేను సమర్థించను. కరెంటు కుదిపినప్పుడు రెండు డిస్కులు ఒకే క్షణంలో పోవు, ఒకే క్షణంలో రావు. ఒకటి వెనకబడిందని తేలితే సిస్టమ్ రెండోదాన్ని మొదటి నుంచి తిరిగి రాయడం మొదలుపెట్టవచ్చు. సెకనుకు 150 ఎంబీ చొప్పున 4 టీబీ రాయడానికి ఏడు గంటలకు పైగా పడుతుంది, ఈలోగా కరెంటు మళ్లీ పోతుంది. ఏ భాగాలు మారాయో గుర్తుపెట్టుకునే బిట్‌మ్యాప్ పెట్టుకుంటే మార్పులున్న భాగాన్నే రాస్తుంది కాబట్టి మిర్రర్ వదులుకోలేకపోతే కనీసం అది పెట్టండి. నా సలహా మాత్రం ఒక డిస్కును అసలుగా వాడుకుని, రెండోదానికి రోజూ తెల్లవారుజామున ‘ఆర్‌సింక్’ తో నకలు తీయడం. నకలు అయ్యాక రెండో డిస్కును అన్‌మౌంట్ చేసి ఉంచితే రోజులో ఎప్పుడు కరెంటు పోయినా దాని ఫైల్ సిస్టమ్‌కు ఏమీ కాదు. పొరపాటున ఎవరైనా ఫోటోలు తుడిచేసినా మిర్రర్ కాపాడదు, నిన్నటి నకలు కాపాడుతుంది.

ఇప్పటికే రాయడం కుదరని స్థితిలో ఉన్న డిస్కును బలవంతంగా రాసే స్థితికి మార్చే ఆదేశం ఇవ్వకండి. సర్వీసులన్నీ ఆపి, అన్‌మౌంట్ చేసి, ‘ఈటూఎఫ్‌ఎస్‌సీకే’ తో పూర్తి తనిఖీ చేయించి, ఆ తరువాతే మౌంటు చేయండి. 

చివరిగా, మీరు ఊళ్లో లేనప్పుడు అది తిరిగి లేవడం గురించి. ఆగిపోయిన ల్యాప్‌టాప్ కరెంటు రాగానే మామూలుగా తనంతట తాను లేవదు. కొన్ని ల్యాప్‌టాప్‌ల బయోస్‌లో ‘వేక్ ఆన్ ఏసీ’ అన్న సెట్టింగు ఉంటుంది, ముందు అది ఉందేమో చూడండి. లేకపోతే ఆపేటప్పుడే ‘ఆర్‌టీసీవేక్’ తో నాలుగు గంటల తరువాత లేవమని అలారం పెట్టవచ్చు. అలా లేచినప్పుడు ఛార్జరుకు కరెంటు లేకపోతే డిస్కులను ముట్టకుండా మళ్లీ నాలుగు గంటలు పడుకోమని చిన్న స్క్రిప్టు రాసుకోవాలి. కరెంటు వచ్చీ రాగానే రెండు మూడుసార్లు పోయి వస్తుంది కనుక, లేచిన వెంటనే కాకుండా ఐదు నిమిషాలు ఆగి డిస్కులను మౌంటు చేయమనండి.

అన్నిటికన్నా ముందు మీ పెట్టె స్విచ్‌ను పరీక్షించండి. డిస్కులు అన్‌మౌంట్ చేసి, అడాప్టరు పీకి, పది సెకన్లు ఆగి తిరిగి పెట్టండి. నొక్కితే లోపలే ఉండిపోయే స్విచ్ అయితే డిస్కులు వెంటనే తిరగడం మొదలుపెడతాయి. నొక్కి వదిలేసే మెత్తటి బటన్ అయితే చాలా పెట్టెలు ఎవరో వచ్చి మళ్లీ నొక్కే దాకా ఆరిపోయే ఉంటాయి. మీది రెండో రకమైతే యూపీఎస్ కన్నా ముందు ఆ పెట్టెను మార్చండి.